కరకంబాడి రోడ్డులోని ఆటో ఎలక్ట్రికల్ వర్క్‌షాప్: ఆటోమేటిక్ గేరుబాక్సు విప్పకముందే కొలిచి చూసే చోటు

తిరుపతిలో ఆటోమేటిక్ కారు నడిపేవారికి గేరు మారేటప్పుడు ఒక కుదుపు మొదలైతే చాలు, గుండెల్లో రాయి పడుతుంది. ఎక్కడికి తీసుకెళ్లినా గేరుబాక్సు దించాలన్న మాటే ముందు వినిపిస్తుంది. దించి, విప్పి, సామాను తెప్పించి మళ్లీ బిగించే ఆ పని లక్షల్లో తేలుతుంది. లోపం గేరుబాక్సులో కాకుండా దానికి కరెంటు తీసుకెళ్లే తీగలో ఉంటే ఆ డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే. కరకంబాడి రోడ్డు వైపున ఉన్న ఒక చిన్న ఆటో ఎలక్ట్రికల్ వర్క్‌షాప్ గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఒక్కటే: ఫలానా భాగం మార్చాలని చెప్పడానికి ముందు అక్కడ మీటరు పెట్టి కొలుస్తారు, కొలిచిన అంకెను కారు యజమానికి చూపిస్తారు.

నాది టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని నూనె ద్వారా గేరుబాక్సుకు అందించే భాగం) ఉన్న ఆరు గేర్ల ఆటోమేటిక్ పెట్రోలు కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. చాలాకాలం ఏ ఇబ్బందీ పెట్టని ఆ బండిలో కిందటి వానాకాలం తర్వాత లోపం మొదలైంది. ఏసీ, హెడ్‌లైట్లు వేసుకుని లీలామహల్ సర్కిల్ దగ్గర రద్దీలో నెమ్మదిగా వెళ్తుంటే ఉన్నట్టుండి ఒక కుదుపు వచ్చేది, మీటర్‌లో గేరు గుర్తు మినుకుమినుకుమనేది, ఇంజిన్ లైటు వెలిగేది, ఆపైన కారు మూడో గేరులోనే ఉండిపోయేది. సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదలాలంటే ఇంజిన్ రొద పెట్టేదే కానీ బండి పాకుతున్నట్టు కదిలేది. ఇంజిన్ ఆపి కాసేపటికి స్టార్ట్ చేస్తే మళ్లీ అంతా మామూలే.

దీన్ని లింప్ మోడ్ అంటారు. గేరుబాక్సును నడిపించే కంప్యూటరును టీసీఎం అని పిలుస్తారు. తనకు అందే సమాచారం మీద గానీ, తాను సోలినాయిడ్లకు (గేరుబాక్సులో నూనె దారులను కరెంటుతో తెరిచి మూసే చిన్న వాల్వులకు) పంపే కరెంటు మీద గానీ దానికి నమ్మకం కుదరనప్పుడు ఆ సోలినాయిడ్లకు కరెంటు నిలిపివేస్తుంది. కరెంటు లేకపోయినా నూనె ఒత్తిడితో దానంతటదే పట్టుకుని ఉండే ఒక గేరును తయారీదారులు ముందే ఏర్పాటు చేసి ఉంచుతారు, దాంతో బండి మెల్లగానైనా ఇంటికి చేరుతుంది. లోపలి క్లచ్ ప్లేట్లు కాలిపోకుండా గేరుబాక్సు తనను తాను కాపాడుకునే పద్ధతి ఇది. లింప్ మోడ్‌లోకి వెళ్లిన ప్రతి గేరుబాక్సూ పాడైపోయిందని తీర్మానించడం తొందరపాటు అవుతుంది.

అలాంటి తొందరపాటే ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌లో నాకు ఎదురైంది. కారు కంప్యూటర్లను చదివే స్కానర్ తగిలించి, మూడు సోలినాయిడ్ల లోపాలను సూచించే కోడ్లు ఒకేసారి వచ్చాయి కాబట్టి అవి అమరి ఉండే వాల్వ్ బాడీ మొత్తం మార్చాలని, అవసరమైతే టీసీఎం కూడా మార్చాల్సి వస్తుందని చెప్పి, లక్షన్నర దాటిన అంచనా కాగితం చేతికిచ్చారు. ఇవన్నీ మారిస్తే లోపం పోతుందా అని అడిగితే, మార్చి చూస్తే గానీ తెలియదన్నారు. ఆ జవాబు విన్నాక మరోచోట చూపించక తప్పదనిపించింది. ఈ వర్క్‌షాప్ సంగతి టాక్సీ నడిపే ఒకాయన చెప్పగా తెలిసింది.

అమర రాజా బ్యాటరీల కర్మాగారం ఉన్న కరకంబాడికి వెళ్లే దారిలో రేకుల షెడ్డు కింద నడిచే షాపు ఇది. రెండు కార్లు పట్టేంత చోటు, గోడకు చుట్టలుగా తగిలించిన వైర్లు, పాత కప్లర్లు (తీగలను కలిపే ప్లగ్గులు) నింపిన డబ్బాలు, ఒక మూల బ్యాటరీ చార్జర్లు. లిఫ్టు లేదు, గాజు తలుపుల గది లేదు. కానీ బల్ల మీద నాణ్యమైన మల్టీమీటర్లు, కరెంటు తరంగాన్ని తెర మీద చూపే ఒక చిన్న ఆసిలోస్కోపు, ఇంజిన్‌తో పాటు గేరుబాక్సు, బ్రేకులు, స్టీరింగు కంప్యూటర్లన్నింటినీ చదవగల స్కానర్ ఉన్నాయి. ఈ పనికి నిజంగా కావలసినవి అవే.

మేస్త్రి వచ్చీ రాగానే బానెట్ ఎత్తలేదు. ముందు ప్రశ్నలు వేశారు. లోపం బండి చల్లగా ఉన్నప్పుడు వస్తుందా, వేడెక్కాక వస్తుందా? వానలో ఎక్కువగా ఉంటుందా? ఏసీ వేసినప్పుడా, బ్రేకు తొక్కినప్పుడా, గుంతలో పడినప్పుడా? కార్ వాష్‌లో ఇంజిన్ మీద ప్రెషర్ నీళ్లు కొట్టించారా? బయట ఎక్కడైనా అదనపు లైట్లు, హారన్లు, కెమెరా తగిలించారా? బ్యాటరీ ఎప్పుడు మార్చారు? నేను జవాబులు చెబుతుంటే పాత బిల్లు వెనుక రాసుకున్నారు. సర్వీస్ సెంటర్ కాగితం ఒకసారి చదివి, “మూడు సోలినాయిడ్లు ఒకే క్షణంలో చెడిపోవడం చాలా అరుదు సార్. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో ముందు అది చూద్దాం. గేరుబాక్సు జోలికి ఇప్పుడే పోవద్దు” అన్నారు. ఈ పనిలో నేను విన్న అత్యంత విలువైన మాట అదే.

కోడ్ల విషయంలో చాలామంది కారు యజమానులు పొరబడే చోటు ఒకటుంది కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే, కారు లోపాలు చదివే ఓబీడీ సాకెట్‌లో పెట్టే బ్లూటూత్ పరికరాలు చాలావరకు ఇంజిన్ కంప్యూటరును మాత్రమే చదువుతాయి, గేరుబాక్సు లోపం ఉన్నప్పుడు వాటిలో పి0700 అన్న కోడు ఒక్కటే కనిపిస్తుంది. తన దగ్గర ఏదో లోపం నమోదైందని, ఇంజిన్ లైటు వెలిగించమని టీసీఎం ఇంజిన్ కంప్యూటరును కోరిందన్నంత వరకే ఆ కోడుకు అర్థం. అసలు కోడు టీసీఎం లోపల ఉంటుంది. అక్కడ పి0705 ఉంటే గేరు లివర్ ఏ స్థానంలో ఉందో చెప్పే రేంజ్ సెన్సర్ సర్క్యూట్‌ను, పి0715 ఉంటే గేరుబాక్సులోకి వచ్చే వేగాన్ని కొలిచే సెన్సర్‌ను, పి0720 ఉంటే బయటికి వెళ్లే వేగాన్ని కొలిచే సెన్సర్‌ను చూడాలి. పి0750 నుంచి సాగే వరుస షిఫ్ట్ సోలినాయిడ్లది. పి0562 వోల్టేజీ తగ్గిందని చెబుతుంది, యూ0101 టీసీఎంతో మిగతా కంప్యూటర్లకు సంబంధం తెగిందని చెబుతుంది.

నా కారులో మూడు సోలినాయిడ్ కోడ్లతో పాటు పి0562 కూడా ఉంది. సర్వీస్ సెంటర్ కాగితంలోనూ అది అచ్చయి ఉంది, కానీ బ్యాటరీ పాతదై ఉంటుందని దాన్ని పక్కన పెట్టేశారు. ఈ మేస్త్రి మొదట వేలు పెట్టింది ఆ వరుస మీదే. కోడ్లను వెంటనే చెరిపేయలేదు కూడా. ఒక్కొక్క కోడు పడిన సమయంలో కారు వేగం, ఇంజిన్ వేడి, వోల్టేజీ ఎంత ఉన్నాయో కంప్యూటరు దాచుకునే ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలను తన ఫోన్‌లో ఫోటోలు తీసుకున్నారు. మూడు సోలినాయిడ్ల కోడ్లు పడ్డప్పుడూ వోల్టేజీ 10కి లోపే ఉంది. తొందరపడి చెరిపేస్తే పోయేది ఇలాంటి సాక్ష్యమే.

తర్వాత బ్యాటరీని పరీక్షించారు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.5 వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 కంటే కిందికి దిగలేదు, స్టార్ట్ అయ్యాక 14.1. బ్యాటరీకీ ఆల్టర్నేటర్‌కూ ఏ దోషమూ లేదని దీంతో తేలిపోయింది. అదే సమయంలో టీసీఎం తనకు అందుతున్న వోల్టేజీ ఎంతని చెబుతోందో స్కానర్‌లో చూస్తే 13.1 ఉంది. ఒకే కారులో, ఒకే క్షణంలో, బ్యాటరీ దగ్గర 14.1, మూరెడు దూరంలో ఉన్న కంప్యూటరు దగ్గర 13.1. ఆ ఒక్క వోల్టు దారిలో ఎక్కడ పోతోందో పట్టుకుంటే పని అయిపోయినట్టే.

దాన్ని పట్టుకున్న పద్ధతిని వోల్టేజ్ డ్రాప్ పరీక్ష అంటారు. ఇంజిన్ నడుస్తుండగా మీటరు ఒక కొసను బ్యాటరీ ప్లస్ మీద ఉంచి, రెండో కొసను టీసీఎం కప్లర్ వెనుక వైపు నుంచి సన్నని పిన్నుతో, తీగ తొడుగుకు చిల్లు పడకుండా, కరెంటు వచ్చే తీగకు తాకించారు. 0.1 వోల్టు చూపించింది. ప్లస్ వైపు దారి, అందులోని ఫ్యూజు, రిలే అన్నీ బాగున్నాయన్నమాట. తర్వాత ఒక కొసను బ్యాటరీ మైనస్ మీద ఉంచి, రెండోదాన్ని అదే కప్లర్‌లోని ఎర్త్ తీగకు, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే తీగకు తాకించారు. 0.9 వోల్టు. లోడు మీద, అంటే కరెంటు లాగుతూ ఉన్నప్పుడు మంచి ఎర్త్ దారిలో ఇది 0.1 ఉండాలి, మహా అయితే 0.2. దాన్ని దాటితే ఆ దారిలో ఎక్కడో అడ్డు ఉందని అర్థం.

అంతటితో ఆగలేదు. హెడ్‌లైట్లు వేయించి, ఏసీ పెట్టించి, నన్ను బ్రేకు తొక్కిపట్టి ఉండమన్నారు. రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలుకాగానే అంకె 2 దాటింది, ఎందుకంటే ఆ ఎర్త్ పాయింటును ఫ్యాన్ కూడా పంచుకుంటోంది. అప్పుడు ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు బ్యాటరీ ట్రే కింద నుంచి పోయే వైర్ల కట్టను చేత్తో మెల్లగా కదిలించాడు. మీటరులో అంకె ఒక్కసారిగా 4 దాటింది. అదే క్షణంలో డ్యాష్‌బోర్డు మీద గేరు గుర్తు మినుకుమంది, ఇంజిన్ లైటు వెలిగింది, స్కానర్‌లో టీసీఎం వోల్టేజీ 10 కంటే కిందికి పడిపోయింది. రోడ్డు మీద ఎప్పుడో ఒకప్పుడు తప్ప కనిపించని లోపం షెడ్డులో, ఆగి ఉన్న కారులో, చేయి కదిపినప్పుడల్లా వచ్చింది, చేయి తీస్తే పోయింది. లోపం ఎక్కడుందో ఇక ఎవరూ ఊహించనవసరం లేకపోయింది.

ఎర్త్ చూశామని, బాగానే ఉందని సర్వీస్ సెంటర్ వారు కూడా చెప్పారు. వారు అబద్ధం చెప్పారని నేను అనుకోవడం లేదు. ఇంజిన్ ఆపి, మీటరును కంటిన్యూటీ (తీగ తెగిందో లేదో చూసే అమరిక) మీద పెట్టి చూస్తే బజర్ తప్పకుండా మోగుతుంది. ఆ పరీక్షలో మీటరు తీగలోకి పంపే కరెంటు అత్యల్పం. తీగలో నాలుగు రాగి పోగులు మిగిలినా ఆ కాస్త కరెంటు సులువుగా దాటిపోతుంది. సోలినాయిడ్లు, ఫ్యాన్ కలిసి ఆంపియర్లలో కరెంటు లాగినప్పుడే ఆ పోగులు చాలవని బయటపడుతుంది. కొళాయి మూసి ఉన్నంతసేపూ పూడుకుపోయిన పైపులోనూ ఒత్తిడి ఉన్నట్టే ఉంటుంది, తిప్పినప్పుడే ధార సన్నబడిందని తెలుస్తుంది. కాబట్టి కరెంటు లోపం అనుమానం ఉన్నచోట లోడు మీద కొలవని ఏ పరీక్షనూ తుది మాటగా తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం. నగరంలో స్కానర్ ఉన్న షాపులు చాలానే ఉన్నాయి, ఇలా లోడు పెట్టి కొలిచిన షాపు నాకు కనబడినంతలో ఇదొక్కటే.

బ్యాటరీని, దాని ట్రేను తీశాక ఎర్త్ పాయింటు కనిపించింది. పైనుంచి చూస్తే బోల్టు బిగుతుగానే ఉంది, తీగ చివర బోల్టు కింద కూర్చునే లోహపు ముక్క, అంటే లగ్గు శుభ్రంగానే ఉంది. విప్పి తిరగేస్తే అడుగున ఆకుపచ్చని చిలుము, దాని అంచుల్లో తెల్లని పొడి. లగ్గు మెడ దగ్గర తీగ తొడుగును బ్లేడుతో రెండు అంగుళాల మేర చీల్చి చూపించారు. లోపలి రాగి పోగులు నల్లబడి, వేలితో నలిపితే పొడిలా రాలాయి, మెరుపు మిగిలినవి నాలుగైదుకు మించవు. ట్రేలో నీళ్లు పోయే రంధ్రం ఎండుటాకులతో పూడిపోయి వాన నీళ్లు అక్కడే నిలిచాయని, బ్యాటరీ ఆమ్లపు ఆవిరి దానికి తోడైందని, లగ్గు దగ్గర మొదలైన చెమ్మ తొడుగు లోపలే పోగుల వెంట పైకి పాకిందని మేస్త్రి వివరించారు. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానల్లో నీళ్లలో నిలిచిన కార్లు ఇప్పటికీ ఇలాంటి చిలుము పట్టిన కప్లర్లతో తన దగ్గరికి వస్తుంటాయని కూడా చెప్పారు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు సీటు కవర్ల కంటే ముందు కార్పెట్ కిందా బ్యాటరీ ట్రే కిందా చూడటం మంచిదనిపించింది.

బాగుచేసిన తీరు కూడా చెప్పుకోదగినదే. మెరిసే రాగి కనబడేంత వరకు తీగను వెనక్కి కత్తిరించి, అంతే మందం ఉన్న కొత్త తీగ ముక్కను జోడించి, చివర కొత్త లగ్గును క్రింపింగ్ పనిముట్టుతో నొక్కారు. అతుకు మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం వేసి వేడిచేశారు, దాంతో చెమ్మకు దారి ఉండదు. బాడీ మీద లగ్గు కూర్చునే చోట పెయింటునూ తుప్పునూ ఉప్పుకాగితంతో గీకి లోహం తేలేలా చేసి, పళ్ల వాషర్ వేసి బోల్టు బిగించారు. బిగించిన తర్వాతే పైన గ్రీజు పూశారు, ముందే పూయలేదు. ట్రే రంధ్రాన్ని శుభ్రం చేశారు. ఆ తర్వాత అవే లైట్లు, అదే ఏసీ, అదే ఫ్యాన్ పెట్టి అదే చోట మళ్లీ కొలిస్తే 0.04 వోల్టు. వైర్ల కట్టను ఎంత కదిపినా అంకె కదలలేదు. అప్పుడు కోడ్లు చెరిపారు.

రోడ్డు మీద నడిపి చూడటానికి నన్ను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, మేస్త్రి స్కానర్ ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నారు. టీసీఎం అడిగిన గేరు, నిజంగా పడిన గేరు, లోపలికి వచ్చే వేగం, బయటికి వెళ్లే వేగం, గేరుబాక్సు నూనె వేడి, ఇవన్నీ కదిలే అంకెలుగా చూస్తూ అలిపిరి దాకా వెళ్లి వచ్చాం. తర్వాత నేనొక్కడినే తిరుమల ఎక్కాను. 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డులో బస్సుల వెనుక నెమ్మదిగా ఎక్కేటప్పుడు టార్క్ కన్వర్టర్ వేడెక్కుతుంది, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, ఏసీ నడుస్తూనే ఉంటుంది, కాబట్టి ఈ ఎర్త్‌కు అంతకంటే కఠినమైన పరీక్ష మన ఊళ్లో ఉండదు. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో 36 పెద్ద మలుపులు దిగేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో రెండో గేరు పెట్టి ఇంజిన్ పట్టుతోనే దిగాను. గేర్లు అడిగినప్పుడు అడిగినట్టు పడ్డాయి. ఆ తర్వాత ఇప్పటి వరకు లైటు వెలగలేదు.

నా కారు ఒక్కటే చూసి ఇంత నమ్మకంగా రాయడం లేదు. చిత్తూరులో ఉండే మా బావ కారు ఏఎంటీ రకం, అంటే మామూలు గేరుబాక్సుకే క్లచ్చునూ గేర్లనూ కదిలించే యంత్రాన్ని జోడించినది. 2014 నుంచి మన దేశంలో అమ్ముడవుతున్న ఈ పద్ధతిలో బ్రేకు తొక్కినట్టు కంప్యూటరుకు తెలిస్తేనే న్యూట్రల్ నుంచి గేరు పడుతుంది. ఆయన కారు అప్పుడప్పుడు న్యూట్రల్ వదిలేది కాదు. గేర్లను కదిలించే ఆ యంత్రాన్ని, అంటే యాక్చుయేటర్‌ను మార్చాలని ఒకచోట చెప్పారు. ఇక్కడికి తెస్తే కుర్రాడిని కారు వెనుక నిలబెట్టి మా బావను బ్రేకు పదేపదే తొక్కమన్నారు. కొన్నిసార్లు వెనుక బ్రేకు లైట్లు వెలగలేదు, ఆ సమయంలోనే స్కానర్‌లో బ్రేకు ఆఫ్ అని చూపించింది. పెడల్ దగ్గరి స్విచ్ మార్చడంతో పని ముగిసింది.

దానికి పూర్తిగా భిన్నమైనది నేను అక్కడ ఉండగానే వచ్చిన ఒక డీజిల్ ఆటోమేటిక్. దాని టీసీఎంలో పి0730 ఉంది, అంటే లోపలి వేగానికీ బయటి వేగానికీ ఉండాల్సిన నిష్పత్తి సరిపోవడం లేదని. సోలినాయిడ్లకు కరెంటు సక్రమంగా అందుతోంది, వాటి రెసిస్టెన్సు ఆ మోడలుకు ఉండాల్సిన పరిధిలోనే ఉంది. కానీ గేరుబాక్సు నూనె నల్లబడి మాడిన వాసన వస్తోంది, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ పరుగెత్తుతున్నా చక్రాలకు ఆ వేగం అందడం లేదు. మేస్త్రి ఆ కారు ఆయనతో, “కరెంటు వైపు తప్పు లేదన్నా. లోపల క్లచ్ ప్లేట్లు అరిగినట్టున్నాయి. ఇది నా దగ్గర అయ్యే పని కాదు, చెన్నైలో గేరుబాక్సులు బాగుచేసేవాళ్లకి చూపించు” అని చెప్పి, స్కానింగుకు మాత్రం డబ్బు తీసుకుని పంపించారు. చేతికందిన పనిని వదులుకుని నిజం చెప్పడం నేను దగ్గర నుంచి చూసినది, ఈ షాపు మీద నాకు గౌరవం స్థిరపడింది అక్కడే.

కొలిచే అలవాటు మిగతా లోపాల్లోనూ కనిపించింది. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ తీగలను అనుమానిస్తే బ్యాటరీ తీసి, ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలుస్తారు. రెండు చివరల్లోనూ ఉండే 120 ఓముల రెసిస్టర్లు కలిసి 60 ఓములు చూపాలి. 120 చూపితే ఒక వైపు తెగిందని, సున్నాకు దగ్గరైతే రెండు తీగలు తాకుతున్నాయని తెలుస్తుంది. కొన్ని గేరుబాక్సుల్లో లోపలి నూనె తీగ పోగుల మధ్య సందుల్లోంచి పాకుతూ బయటి కప్లర్ దాకా, ఒక్కోసారి కంప్యూటరు దాకా చేరుతుందని తెలియడంతో, కప్లర్ తీయగానే లోపల నూనె తడి ఉందేమో చూస్తారు. స్పీడ్ సెన్సర్ మీద అనుమానం వస్తే ఆసిలోస్కోపులో దాని తరంగాన్ని చూస్తారే తప్ప కొత్త సెన్సర్ పెట్టి చూద్దామనరు. పల్లెల్లో, మామిడి తోటల పక్కన నిలిపే కార్లలో ఎలుకలు కొరికిన తీగలు కూడా ఇక్కడికి తరచుగా వస్తాయట.

నా బిల్లు పరీక్షకు రెండు వేలు, పనికీ సామానుకూ కలిపి పదిహేను వందలు. పరీక్షకు విడిగా డబ్బు తీసుకోవడం కొందరికి నచ్చడం లేదని విన్నాను. నాకు మాత్రం అది పూర్తిగా న్యాయంగా తోచింది. సగం రోజు మీటరు పట్టుకుని వెతికిన శ్రమకు ఖరీదు కట్టకపోతే, భాగాలు అమ్ముకుంటే తప్ప మేస్త్రికి బతుకుదెరువు ఉండదు. అనవసరంగా భాగాలు మార్చే అలవాటు అక్కడి నుంచే పుడుతుంది.

ఇక లోట్లు. చేసిన కొలతలన్నీ చూపిస్తారు, కానీ వాటిని కాగితం మీద రాసివ్వరు. నేను పట్టుబట్టి అడిగితే బిల్లు వెనుక రాసిచ్చారు. ఇంత మంచి పనికి ఒక చిన్న అచ్చు నివేదిక ఇస్తే కారు అమ్మేటప్పుడు గానీ, మరో మెకానిక్‌కు చూపేటప్పుడు గానీ ఎంతో పనికొస్తుంది. కూర్చోవడానికి రెండు కుర్చీలే ఉన్నాయి, మధ్యాహ్నం రేకుల వేడికి పెద్దవాళ్లు అక్కడ ఉండలేరు. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే లోపమైతే కారును రాత్రంతా వదిలి వెళ్లమంటారు, ఉదయం చల్లని ఇంజిన్‌తో చూడాలి కాబట్టి అది సబబే అయినా, ఇంటికి దింపే ఏర్పాటు లేదు. కొత్త టీసీఎం పెట్టినప్పుడు దాన్ని కంపెనీ సర్వర్‌తో ప్రోగ్రామింగ్ చేయాల్సిన మోడళ్ల పని ఇక్కడ పూర్తవదు. ఆ సంగతి మొదటే చెబుతారు. రెండు క్లచ్‌ల డీసీటీ గేరుబాక్సుల్లో సెన్సర్లు, తీగల వరకు చూస్తారు, కంప్యూటరూ వాల్వులూ ఒకటిగా ఉండే మెకట్రానిక్స్ యూనిట్ విప్పరు.

వెళ్లాలనుకునేవారు శనివారాలు, వరుస సెలవులు, బ్రహ్మోత్సవాల రోజులు తప్పించుకోవడం మంచిది. కొండకు వచ్చి దారిలో నిలిచిపోయిన తమిళనాడు, కర్ణాటక బండ్లను ఆ రోజుల్లో ముందు చూస్తారు. పిల్లాపాపలతో దర్శనానికి వచ్చినవాళ్లను నిలబెట్టలేమంటారు, అందులో నాకు తప్పేమీ కనబడలేదు. ముందు రోజు ఫోన్ చేసి సమయం అడిగితే ఇస్తారు, చాలావరకు నిలబెట్టుకుంటారు.

లోపం కనబడిన తర్వాత ఎక్కడా కోడ్లు చెరిపించకుండా, బ్యాటరీ తీగలు విప్పకుండా కారును అలాగే తీసుకెళ్లండి. లోపం వచ్చినప్పుడు డ్యాష్‌బోర్డును ఫోన్‌లో వీడియో తీసి ఉంచుకుంటే మేస్త్రికి వెతికే పని సగం తగ్గుతుంది. వారంటీలో ఉన్న కారైతే మాత్రం ముందు కంపెనీ వారికే చూపించి, వారు చెప్పింది రాతపూర్వకంగా తీసుకోండి. బయట తీగ కత్తిరిస్తే క్లెయిమ్‌కు అడ్డు చెప్పే అవకాశం ఉంది కాబట్టి, అలాంటి కార్లకు ఈ షాపులో కొలత వరకే చేయించి, ఆ అంకెలతో కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లడం మేలు. ఆ పనికి ఆయన పరీక్ష ఖర్చు మాత్రమే తీసుకుంటారు.